రెండో పురుడు

‘రెండో పురుడు’ అన్న మాట నాది కాదు. ఆ మాట పుట్టించినవాడు మా డైరెక్టరు ఉమాకాంతం. టీవీవాళ్ళు మైకు పెడితే చాలు, ఆయనకి ఎక్కడలేని కవిత్వమూ పొంగుకొస్తుంది. “ఇది బిడ్డకి రెండో పురుడండీ! తల్లులకి మా లాబొరేటరీ పెడుతున్న పసుపూ కుంకుమా!” అన్నాడు. నేను ఆ పక్కనే ఎలకల బోను పట్టుకుని నిలబడ్డాను. కెమెరాకి బోను కనబడాలని ఆయనే పట్టుకోమన్నాడు. మర్నాటినుంచీ మందుకి మేం పెట్టుకున్న పేరు గాలికి పోయింది. పన్నెండేళ్ళు ఎలకల కంపులో బతికినవాణ్ణి నేను, పేరు పెట్టినవాడు ఆయన. అయినా నా ఏడుపు దాని గురించి కాదు.

నా పేరు పైడిరాజు. విశాఖపట్నం ఊరి చివర మా లాబొరేటరీ. అక్కడినుంచి సముద్రం కనబడదు గానీ దాని ఉప్పుగాలి మాత్రం తగులుతుంది. తలుపు బందుల దగ్గర్నుంచి కుర్చీ కాళ్ళదాకా ఇనుమన్నది ఏదీ రెండేళ్ళు నిలవదు. అక్కడ కూర్చుని మేం చేసింది ముక్కులో వేసే చుక్కల మందు.

మనిషికి పుట్టిన భయం మళ్ళీ అణగాలంటే మెదడులో ఒక జన్యువు పని చెయ్యాలి. గ్యాస్ స్టవ్వుకి మంట తగ్గించే నాబు ఉంటుందే, అలాంటిది. పసితనంలో తిండి లేకో, దెబ్బలు తినో, ఎత్తుకునే చెయ్యి లేకో పెరిగిన బిడ్డకి ఆ జన్యువు మీద సన్నసన్న రసాయన ముద్రలు పడతాయి. జన్యువు ఎక్కడికీ పోదు, మూతపడుతుంది. ఇక నాబు బిగుసుకుపోయినట్టే. తరవాత మంచి ఇల్లు దొరికినా, కడుపునిండా అన్నం దొరికినా లోపలి మంట తగ్గదు. మా చుక్కలు ఆ ముద్రల్ని తుడిచేస్తాయి. తుడిచాక ఆరు వారాలపాటు ఆ జన్యువు పసిగుడ్డుకి ఉన్నంత పచ్చిగా ఉంటుంది. ఆ ఆరు వారాల్లో బిడ్డకి ఏది జరిగితే దాన్నిబట్టి మళ్ళీ ముద్రలు పడతాయి, పడి గట్టిపడతాయి. రెండోసారి తుడవడానికి లేదు. తుడిస్తే ఏమవుతుందో నేను చూశాను. ఎలకలు తిండి ఎక్కడుందో కూడా మరిచిపోయి, నిండు గిన్నె పక్కనే కూర్చుని చచ్చిపోయాయి.

అంచేత ఆ ఆరు వారాలూ బిడ్డని కళ్ళలో పెట్టుకుని చూడాలి. అరుపులుండకూడదు, ప్రయాణాలుండకూడదు, బడి ఉండకూడదు. ఇదంతా తల్లిదండ్రులకి విడమరిచి చెప్పే పని నాది. ఆ తల్లిదండ్రుల్లో మా చెల్లెలు వరహాలు ఒకత్తె.

వరహాలు అనకాపల్లిలో టీచరు. మా బావ సన్యాసినాయుడిది బెల్లం వ్యాపారం. పిల్లలు పుట్టక, శిశుగృహం నుంచి ఒక పిల్లని తెచ్చుకున్నారు. వచ్చేటప్పటికి దానికి అయిదేళ్ళు. అంతకుముందు ఎక్కడుందో, ఎవరి చేతుల్లో నలిగిందో ఎవరికీ తెలీదు. వీపుమీది మచ్చలు చెప్పినంతే తెలుసు. సీతాలు అని పేరు పెట్టుకున్నారు.

అల్లరి పిల్లయితే ఎవరికీ బాధ లేకపోను. సీతాలు అల్లరి చెయ్యదు, ఏడవదు, మారాం చెయ్యదు. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, ఒళ్ళంతా చెక్కలా బిగించి, చూపు ఎక్కడో పెట్టి నిలబడిపోతుంది. ‘వద్దు’ అనదు. ఎంత వడ్డిస్తే అంతా తింటుంది, తిని వాంతి చేసుకుంటుంది. పక్కింటి పిల్లాడు జుట్టు పట్టుకు లాగితే, లాగడానికి వీలుగా తల వంచింది. చెప్పులు తొడుక్కుని పడుకుంటుంది. ఎప్పుడు ఎవరొచ్చి పద అంటారో అని కాబోలు. రెండేళ్ళయినా ఆ చెప్పులు విప్పించడం మా వరహాలు వల్ల కాలేదు.

“ఒక్కసారి నామీద తిరగబడి అరిస్తే బావుణ్ణు అన్నయ్యా” అంది ఒకరోజు. “బళ్ళో అందరూ నీ కూతురు ఎంత మంచిపిల్లో అంటుంటే నాకు కడుపు రగిలిపోతాది.”

మందు పిల్లలమీద పరీక్షించడానికి అనుమతి రాగానే వరహాలే ముందుకొచ్చింది. నా మేనకోడలు కాబట్టి దాని లెక్కలు నేను ముట్టుకోకూడదని ఉమాకాంతం షరతు పెట్టాడు, నేనూ సరే అన్నాను. మందు వేసేముందు ఒకసారి, ఆరు వారాలయ్యాక ఒకసారి వెన్నులోంచి నీరు తీసి చూడాలి. మెదడులో ముద్రల సంగతి రక్తంలో సరిగా తెలియదు. మొదటిసారి సూది గుచ్చేటప్పుడు సీతాలు బల్లమీద కర్రలా పడుకుంది, కన్ను కూడా ఆర్పలేదు. “ఎంత బుద్ధిమంతురాలండీ, మిగతా పిల్లలు లాబ్ పైకప్పు లేపేశారు!” అని మెచ్చుకున్నాడు ఉమాకాంతం. నాకు ఒళ్ళు మండింది గానీ డైరెక్టరుగారితో ఏమంటాం?

చుక్కలు వేశాక అనకాపల్లిలో అసలు తంతు మొదలైంది. బావ వాళ్ళమ్మ నూకాలమ్మ పాత కాలపు మనిషి. ఇంట్లో మనిషికి జ్వరమొస్తే డాక్టరు కంటే ముందు ఆవిడ చెయ్యి పడాల్సిందే. నేను చెప్పినదంతా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విని, “అంటే పురిటి బిడ్డలాగ సూసుకోవాల. అంతే కదేటి బాబూ? దానికింత ఇంగిలీసేల?” అంది. వెనకగది కడిగించి, గుమ్మానికి వేపమండలు కట్టించింది. పొద్దున్నే నువ్వులనూనె గోరువెచ్చగా చేసి, పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టుకుని మర్దనా చేసేది. ఏడేళ్ళ పిల్ల కాళ్ళు గుమ్మందాకా సాగి ఉండేవి. నలుగూ, వేణ్ణీళ్ళూ, సాంబ్రాణి ధూపమూ. నేను వెళ్ళి చూసి తెల్లబోయాను. మిగతా తల్లులకి కాగితంమీద రాసిచ్చిన జాగ్రత్తలన్నిటికంటే ఈవిడ చేస్తున్నదే బావుంది.

నాలుగో వారానికి వరహాలు ఫోను చేసింది. “అన్నయ్యా, రాత్రి చెప్పులు విప్పీసి పడుకుంది. తనంతట తనే విప్పీసింది. మంచం కింద జతగా పెట్టుకుంది.” ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మొన్న నూకాలమ్మ జారి నూనెగిన్నెలో కూర్చుంటే పిల్ల పకపకా నవ్విందట కూడా.

నాకు లాబొరేటరీలో మాత్రం అన్నీ వంకర్లే. అప్పట్లో నేను చేస్తున్న పని, తుడిచిన తరవాత ఎలకపిల్లల్ని భయపెడితే ముద్రలు ఎంత తొందరగా పడతాయో చూడడం. గదిలో ఒక మోతపెట్టె ఉంది. రోజూ కాసేపు అది చెవులు చిల్లులుపడేలా మోగుతుంది. అన్ని బోన్లలోని పిల్లలకీ ముద్రలు పడ్డాయి, కిటికీ పక్క బోనులో వాటికి తప్ప. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. బోను చూస్తే దాని గడియ తుప్పు పట్టి ఊడిపోయింది, పిల్లలు తోసుకుని బల్లమీదికి వచ్చేస్తున్నాయి. ‘బోను చెడిపోయింది, లెక్కలోంచి తీసెయ్యాలి’ అని తీసేశాను. కొత్త గడియ కొనమని అడిగితే కొనుగోళ్ళ సెక్షన్‌వాళ్ళు మూడు కొటేషన్లు తెమ్మన్నారు. అరచేతిలో పట్టే గడియకి మూడు కొటేషన్లు! తెచ్చాను. ఒకదాని మీద స్టాంపు లేదని తిప్పి పంపారు. ఇలా తల ప్రాణం తోకకొస్తున్న రోజుల్లోనే ఆ ఆదివారం వచ్చింది.

ఎలకల గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. బయటికొచ్చి చూసుకుంటే వరహాలు ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు.

“గుండు చేయించీసినారు అన్నయ్యా.”

“ఎవరికి?”

“ఇంకెవరికి! నేను పేపర్లు దిద్దడానికెళ్ళిన పూట చూసి, ఈయనా మా అత్తా కలిసి వాళ్ళ ఇలవేల్పు గుడికి తీసుకుపోయినారు. మేనమామ ఒళ్ళో కూచోబెట్టాలి కదా, నువ్వు లేవని ఈయన మేనత్త కొడుకు అప్పలకొండని కూచోబెట్టినారు. కదిలితే కత్తి గీరుకుంటాదని చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నాడంట. ఏడవలేదంట అన్నయ్యా. ఎంత మంచిపిల్లో అన్నారంట అందరూ.”

కారు ఎలా నడిపానో నాకు గుర్తులేదు. ఇంట్లోకి వెళ్ళేసరికి వెనకగదిలో వేపమండలు అలాగే ఉన్నాయి, సాంబ్రాణి వాసన అలాగే ఉంది. పిల్ల మంచం కింద ఉంది. వంగి చూశాను. నున్నటి గుండుకి పసుపు రాశారు. కళ్ళు నావైపే ఉన్నాయి గానీ నన్ను చూడడం లేదు. కాళ్ళకి చెప్పులున్నాయి.

నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆవిడతో అంతకుముందెన్నడూ నేను గొంతెత్తి మాట్లాడలేదు. ఆరోజు మాట్లాడాను.

“ఏంటత్తా ఇది? ఆరు వారాలు గడప దాటించొద్దని చెప్పానా లేదా?”

“సెప్పినావు బాబూ.”

“మరి?”

“మొక్కుకున్నాను. ఈ గుంట నవ్వితే తలనీలాలిప్పిత్తాను తల్లీ అని, ఇంటికొచ్చిన నాడే మొక్కుకున్నాను. మొన్న నవ్వినాది. పనయిపోనాక మొక్కు తీర్సకపోతే ఆ తల్లి వూరుకుంటాదేటి? ఇచ్చినట్టే ఇచ్చి లాగీసుకోదూ?”

“నవ్వించింది మందత్తా!”

“మందు నువ్వేసినావు. మొక్కు నాను మొక్కినాను. ఎవురి బాకీ ఆలు తీర్సుకోవాల.” ఆవిడ కళ్ళు తుడుచుకుంది. “ముందుగాల నీతో సెప్తే వొద్దంతావని తెలుసు. అందుకే సెప్పలేదు. నాకేటి తెలుసు బాబూ? గుండు సేయిస్తే అందరి పిల్లలూ గీపెడతారు. అరటిపండు సేతికిత్తే వూరుకుంటారు. ఇది గీపెట్టలేదు. అరటిపండూ ముట్టలేదు.”

ఏమనాలి ఆవిణ్ణి? చెడు చేద్దామని చేసినవాణ్ణి తిట్టినా ఒక సుఖం. బిడ్డ బాగుపడిందన్న సంతోషం పట్టలేక చేసిన పని ఇది. కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియక బావమీద అరిచాను. ఆయన తల వంచుకుని కొట్టుకి పోయాడు. అప్పలకొండ ఇంటిదాకా వెళ్ళి అతన్ని కూడా దులిపేద్దామనుకున్నాను. వెళ్ళి ఏం చెప్పను? నాకోసం ఖాళీగా ఉన్న చోట అతను కూర్చున్నాడు, అంతేగా.

సోమవారం ఉమాకాంతానికి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, “అయ్యో పాపం” అని ఒక నిమిషం నిజంగానే బాధపడ్డాడు. తరవాత, “పరీక్ష గుంపులోంచి తీసెయ్. పరిస్థితులు మారిన పిల్లని ఉంచితే మన ఫలితాలన్నీ కలుషితమైపోతాయి” అన్నాడు.

“తీసేస్తే పిల్ల సంగతి?”

“మనం చెయ్యగలిగేదేముంది పైడిరాజూ? ఇంకా రెండు వారాలు పచ్చిగానే ఉంటుంది. పడాల్సిన ముద్ర పడుతుంది. అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది, అంతేకదా.”

అంతేకదా! అలాగే ఉండదని ఆయనకీ తెలుసు. ఈసారి పడే ముద్రని తుడిచే మందు లేదు. ఏడేళ్ళ పిల్ల ఇకనుంచి బతికినన్నాళ్ళూ ఎవరు జుట్టు పట్టుకున్నా తల వంచి నిలబడాలి.

ఎలకల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. చెయ్యడానికేమీ లేదు. ఉత్త కోపంతో మోతపెట్టె ఆన్ చేసి స్టూలుమీద కూర్చున్నాను. బోన్లన్నిటిలో పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి మూలకి ముడుచుకుపోయాయి. కిటికీ పక్క బోనులో ఒక పిల్ల ముక్కుతో తలుపు తోసింది, బల్లమీదికి వచ్చింది. దాన్ని పట్టి లోపల పడెయ్యడం నాకు అలవాటు. ఆరోజు లేవబుద్ధి కాలేదు, చూస్తూ కూర్చున్నాను.

అది పారిపోలేదు. బల్ల అంచుదాకా నడిచి, మీసాలు దువ్వుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మోత ఇంకా అదే జోరుగా మోగుతూనే ఉంది. కాసేపటికి మళ్ళీ తోసింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. బయటికొచ్చినా మోత తగ్గేది కాదు, గదంతా ఒకటే మోత. మిగతా బోన్లలో వాటికెంత వినబడిందో దీనికీ అంతే వినబడింది. తేడా అల్లా తలుపే. తోస్తే అది తెరుచుకుంటుందని దానికి తెలుసు.

లేచి పాత ఫలితాలన్నీ మళ్ళీ తీశాను. మొదటినుంచీ ఆ బోనులో ఉన్నవాటికైనా, గడియవేసిన బోనులో రెండు రోజులు మోత విన్నాక అందులోకి మార్చినవాటికైనా, ముద్రలు పడలేదు. పడబోయినవి కూడా గట్టిపడకుండా పలచబడ్డాయి. నెలల తరబడి ఇది నా కళ్ళెదుటే ఉంది, నేను కొటేషన్లకోసం తిరుగుతున్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ గడియ కొనకుండా నన్ను తిప్పిన కొనుగోళ్ళ సెక్షన్‌వాళ్ళకి దండం పెట్టాలి.

సాయంత్రం అనకాపల్లిలో అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. “ఇక దాన్ని ఊరికే ముద్దు చేస్తే చాలదు. అది చెయ్యెత్తినా, ‘ఆపు’ అన్నా, ఎవరు ఏం చేస్తున్నా ఆగిపోవాలి. అన్నం పెడుతున్నా సరే, నూనె రాస్తున్నా సరే, మాట్లాడుతున్నా సరే. రెండు వారాలు.”

“పిల్ల సెయ్యెత్తితే పెద్దోల్లం ఆగిపోవాలేటి!” అంది నూకాలమ్మ. “రేపు నెత్తికెక్కి కూసుంటాది.”

“కూర్చుంటే మీ గుడికి నడిచెళ్ళి నేనే గుండు చేయించుకుంటాను అత్తా.”

ఆవిడ చెంగు దులుపుకుని లేచింది.

ఆట మొదలుపెట్టాం. వరహాలు అన్నం కలుపుతూ చెయ్యెత్తి చూపించేది, ‘ఇలా అంటే నేను ఆగిపోతా’ అని. బావ నడుస్తూ నడుస్తూ ఒంటికాలిమీద ఆగి చూపించేవాడు. సీతాలు చూసేది. అంతే. చెయ్యి ఎత్తదు, నోరు విప్పదు. రోజులు గడిచిపోతున్నాయి. పెద్దవాళ్ళం ముగ్గురం నలుగురం ఒకరికొకరం ‘ఆపు’ అనుకుంటూ బొమ్మల్లా నిలబడుతుంటే పక్కింటివాళ్ళు గోడమీంచి చూసి నవ్వుకున్నారు. నాకు సహనం అన్నది ముందే తక్కువ. ఒక పూట విసుగు పట్టలేక, బావ గడ్డం గీసుకునే మిషను తెచ్చి, సీతాలు ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

“ఇదిగో. మావకి చెయ్యి. నువ్వే చెయ్యి.”

మిషను ఆన్ చేసి దాని చేతిలో పెట్టాను. జుయ్‌మంటున్న మిషను పట్టుకుని కదలకుండా నిలబడింది. నేను తల వంచుకుని ఎదురుచూశాను. మెడ పట్టేసింది. లేద్దామనుకునేంతలో నడినెత్తిమీద చల్లగా తగిలింది. నుదుటినుంచి వెనక్కి ఒక్క గీత. జుట్టు ఒళ్ళో రాలింది. నాకు తెలియకుండానే భుజాలు ముడుచుకున్నాను, చక్కిలిగిలికి. మిషను ఆగిపోయింది.

తలెత్తాను. బొటనవేలు మీట మీద ఉంది. నేను ముడుచుకున్నానని ఆపింది. మళ్ళీ ఆన్ చేసింది, ఆపింది. ఆన్ చేసింది, ఆపింది. ఆ మీటనే చూస్తోంది.

నూకాలమ్మ ఇదంతా గుమ్మంలోంచి చూసింది. లేచి వచ్చి, కొప్పు విప్పేసుకుని, నా పక్కన చతికిలబడింది. “నాక్కూడా గియ్యే అమ్మా. నాను సేయించినాను గదా.”

సీతాలు ఆవిడ నెరిసిన జుట్టు వైపు చాలాసేపు చూసింది. మిషను నేలమీద పెట్టేసి, తల అడ్డంగా ఊపింది. మేం చూస్తుండగా ఆ పిల్ల ఏ సంగతికైనా కాదనడం అదే మొదలు. ముసలావిడ కొప్పు ముడవడం మరిచిపోయి అలాగే కూర్చుండిపోయింది.

నెత్తిమీద రోడ్డు వేయించుకుని నేను మర్నాడు సెలూనుకి వెళితే, “ఏ గుడి మొక్కు సార్? మధ్యలో లేచొచ్చేశారా?” అన్నాడు మంగలి. మిగతాది తీయించేశాను.

ఆరో వారం చివర్న ఉమాకాంతం పిలిచాడు. నా గుండు చూసి అదిరిపడి, తమాయించుకున్నాడు. “మీ మేనకోడల్ని తీసుకురా, రెండో శాంపిలు తీద్దాం.”

“తీసెయ్యమన్నారుగా?”

“అన్నాను. ఈలోగా ఒక పిల్లాడి తల్లిదండ్రులు పనికోసం వలసపోయారు, ఇంకో పిల్లకి టైఫాయిడ్. ఇప్పుడు ఈ పిల్ల కూడా లేకపోతే గుంపు చాలదు. మందు బయటికి రాదు. గుండు సంగతి వివరంగా రాద్దాం. ఉన్నదున్నట్టు.”

ఇందులో ఆయన తప్పేమీ లేదు. మందు బయటికి రావాలని ఆయనకంటే నాకే ఎక్కువ ఆశ. పైగా సీతాలుకి ముద్ర పడిందో లేదో నాకు తెలియాలి. రెండు వారాలుగా నిద్ర లేదు నాకు. వరహాలుకి ఫోను చేశాను. ఇద్దరూ వచ్చారు.

అదే గది, అదే బల్ల. నర్సు సూది సిద్ధం చేసింది. వెన్నులో సూది కాబట్టి పిల్ల కదలకూడదు. “మేనమామవి కదా, నువ్వు పట్టుకో” అన్నాడు ఉమాకాంతం. సీతాలుని పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళు గుండెలకి ముడిచి, రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. ఒళ్ళు బిగుసుకోవడం మొదలైంది. చూపు ఎక్కడికో పోతోంది. నర్సు వీపుమీద స్పిరిటు దూది రాసింది.

“ఆపు మావా.”

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే ముందు నర్సు అందేమో అనుకున్నాను.

“ఆపు.”

చేతులు వదిలేశాను. నర్సు సూది పైకెత్తి నావైపు చూసింది. సీతాలు లేచి కూర్చుంది, గౌను సరిచేసుకుంది, మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది.

“ఏమిటిది? పట్టుకోవయ్యా!” అన్నాడు ఉమాకాంతం. “ఒక్క నిమిషం పని!”

“వద్దంటోంది కదండీ.”

“పిల్లలు వద్దనే అంటారు! తల్లి సంతకం పెట్టింది.”

“నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానండీ” అంది వరహాలు గోడ దగ్గర్నుంచి.

ఉమాకాంతం నన్ను పక్కకి లాగాడు. ఆయన మొహం ఎర్రబడిపోయింది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయేమో, నేను సరిగా చూడలేదు. “పైడిరాజూ, నువ్వేం చేస్తున్నావో తెలుసా? ఈ ఒక్క శాంపిలు లేకపోతే మళ్ళీ మొదటినుంచీ కొత్త గుంపు. ఎన్నేళ్ళో! ఇలాంటి పిల్లలు శిశుగృహాల్లో ఎంతమంది ఉన్నారు, వాళ్ళ నోటి దగ్గరనుంచి మందు లాగేస్తున్నావు. ఈ పిల్లకి పనిచేసిందని రుజువేది?”

“మీరు విన్నారుగా.”

“విన్నది కాగితం మీదికి ఎక్కదు!”

నిజమే, ఎక్కదు. ఆయన అన్న ప్రతి మాటా నిజమే. పన్నెండేళ్ళ పని ఆ బల్లదగ్గర ఆగిపోయింది, ఆపినవాణ్ణి నేనే. ఎక్కడో ఒక పిల్ల ఈ రాత్రి కూడా చెప్పులు తొడుక్కునే పడుకుంటుంది, అందులో నా వాటా ఉంది. ఇంకోసారి బతిమాలితే ఒప్పుకుంటుందేమో అని క్షణంపాటు సీతాలు వైపు తిరిగాను కూడా. అది నన్నే చూస్తోంది, నేనేం చేస్తానా అని. తోస్తే తలుపు తెరుచుకుంటుందా అని. నోరు మూసుకుని దాని చెప్పులు అందించాను.

ముగ్గురం బయటికొచ్చాం. కోపంతో పెద్దపెద్ద అంగలేస్తున్నాను. వరండా సగంలో వెనకనుంచి వినబడింది.

“ఆపు మావా.”

ఆగాను. వెనక్కి చూస్తే సీతాలు చెయ్యెత్తి నిలబడి ఉంది. చెయ్యి దించింది. నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో మళ్ళీ చెయ్యెత్తింది. ఆగాను. గుమ్మం దగ్గర ఆపింది. మెట్లమీద ఒక కాలు కిందా ఒక కాలు పైనా ఉండగా ఆపింది. అటుగా వచ్చిన కొనుగోళ్ళ సెక్షన్ గుమాస్తా నా గుండునీ, ఒంటికాలినీ చూసి తప్పుకుని పోయాడు. గేటుదాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఎండ మాడ్చేస్తోంది, లోపల ఉమాకాంతం ఎవరిమీదో అరుస్తున్నాడు, రేపటినుంచి నాకు ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. నాకు నిజంగానే విసుగొచ్చింది.

“ఇక చాలమ్మా, కారెక్కు” అన్నాను.

“ఆపు” అంది.

ఆగాను.